ద్రవ్యరాశి ముక్కలైంది, మాత్రిక ఒకే వరుస అయింది: వెబ్ పేజీలో ఫార్ములాల గోల

లెక్కలక్క

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

తొమ్మిదేళ్ళుగా లెక్కలు, ఫిజిక్స్ పాఠాల నోట్స్ సొంత సైట్లో పెడుతున్నాను. నేను ప్రోగ్రామర్ని కాదు, పాఠాలు చెప్పుకునే మనిషిని. ఇన్నాళ్ళూ వర్డ్ ప్రాసెసర్‌లో ఫార్ములా తయారుచేయడం, స్క్రీన్‌షాట్ తీయడం, కత్తిరించి పేజీలో బొమ్మగా అతికించడం, ఇదే పని. పేజీలు 212 అయ్యాయి. బొమ్మలు ఎన్నో లెక్కపెట్టడం మానేశాను. వర్గ సమీకరణం మూలాల సూత్రంలో 'బి' ముందు మైనస్ మర్చిపోయి, అదే బొమ్మని పదకొండు పేజీల్లో పదకొండు పేర్లతో దాచుకున్నానని ఒక స్టూడెంట్ చెప్పేదాకా నాకు తెలియదు. డార్క్ మోడ్‌లో చూస్తే నల్ల గోడ మీద తెల్ల అట్టముక్కలు అంటించినట్టు ఉంటుంది.

ఇక లాభం లేదని సెలవుల్లో కూర్చుని లాటెక్ (ఫార్ములాల్ని కమాండ్లుగా టైపు చేసే భాష) నేర్చుకున్నాను. పేజీలన్నీ మార్క్‌డౌన్‌లోకి (మామూలు పాఠంలోనే చిన్న గుర్తులు పెట్టి రాసే పద్ధతి) మార్చి, వాటిని వెబ్ పేజీలుగా కట్టే ఒక స్టాటిక్ సైట్ జనరేటర్ పెట్టి, లాటెక్ ఫార్ములాల్ని పేజీలో చూపించే కేటెక్ అనే టూల్ తగిలించాను. పేజీ తెరుచుకున్నాక బ్రౌజర్‌లో స్క్రిప్ట్ నడిచి ఫార్ములాలు తయారవుతాయి. సగం చూడముచ్చటగా వచ్చాయి. మిగతా సగం సంగతి వినండి.

2×2 మాత్రిక ఒకటి. పై వరుసలో 1, 2. కింది వరుసలో 3, 4. పేజీలో ఒకే వరుస కనిపిస్తోంది: మొదట 1, తర్వాత 2, 3 ఒకదాన్నొకటి ఆనుకుని, తర్వాత 4. దీనికి నిర్ధారకం ఎలా కట్టాలి టీచర్ అని పిల్లలు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

సమాకలనిలో డీఎక్స్ ముందు కామా వస్తోంది. నేను పెట్టలేదు. ఒకచోట ఏకంగా ఆశ్చర్యార్థకం వచ్చింది, లెక్కల్లో దాని అర్థం ఫ్యాక్టోరియల్!

సబ్‌స్క్రిప్ట్ ఉన్న ఫార్ములాలు కొన్ని అసలు తయారే కావడం లేదు. ఫార్ములాకి మొదట్లో, చివర్లో పెట్టే డాలర్ గుర్తులతో సహా పచ్చిగా కనిపిస్తున్నాయి, మధ్యలో కొంత భాగం వాలు అక్షరాల్లో. విచిత్రం ఏమిటంటే మామూలు ఎక్స్ వన్, ఎక్స్ టూ బాగానే ఉన్నాయి. సగటు గీత ఉన్న ఎక్స్ బార్ వన్, ఎక్స్ బార్ టూ మాత్రమే పోతున్నాయి.

పాత పాఠాలన్నీ ఒక సబ్‌ఫోల్డర్‌లో ఉన్నాయి. ఆ పేజీల్లో ప్రతి ఫార్ములా రెండేసి సార్లు వస్తోంది, ఒకటి పద్ధతిగా, పక్కనే ఇంకొకటి చిందరవందరగా.

ఇక ఆఖరిది చూసి నిజంగానే ఏడుపొచ్చింది. సాంద్రత సూత్రం. లవంలో ద్రవ్యరాశి, హారంలో ఘనపరిమాణం, తెలుగులోనే రాశాను. 'ద్రవ్యరాశి'లో అక్షరాలు విడిపోయాయి. ద పక్కన చుక్కల వలయం, దాని మీద పొల్లు, ఆ పక్కన ర.

కేటెక్ వదిలేసి అలాంటిదే ఇంకో టూల్ మ్యాథ్‌జాక్స్‌కి వెళ్ళమంటారా, లేక బొమ్మలకే తిరిగి పొమ్మంటారా?

సెమికోలన్‌బాబు

అక్కా, ఇంత తలనొప్పి ఎందుకు? ఫార్ములాలన్నీ ఎస్వీజీ బొమ్మలుగా ఎగుమతి చేసి పెట్టేయండి. ఎంత జూమ్ చేసినా మసకబారవు, సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే ఫైల్) గొడవ ఉండదు. నేను ప్రాజెక్టులో అలాగే చేశా, ఎవరూ కంప్లైంట్ చేయలేదు.

పాతగ్యాలీ

లెక్కలక్క గారూ, బొమ్మల్లోకి మళ్ళీ వెళ్ళకండి. కేటెక్‌ని తిట్టకండి కూడా. మీరు చెప్పిన ఐదు గొడవల్లో మూడు దాని దాకా చేరకముందే జరిగిపోయాయి.

నేను జర్నల్స్ కంపోజింగ్‌లో పద్దెనిమిదేళ్ళు ఉన్నాను. ప్రూఫులో ఫార్ములా చెడిపోయి వస్తే మేం ముందు వెతికేది ఒకటే, అది ఎవరి చేతిలో ఉండగా చెడింది అని. రచయిత దగ్గరా, కీబోర్డు దగ్గరా, పేజీ కట్టేవాడి దగ్గరా. మీ ఫార్ములా కూడా మూడు చేతులు మారుతోంది: మార్క్‌డౌన్, కేటెక్, బ్రౌజర్.

మార్క్‌డౌన్‌కి బ్యాక్‌స్లాష్ కనిపిస్తే "దీని పక్కన ఉన్న గుర్తుకి ప్రత్యేక అర్థం లేదు, ఉన్నదున్నట్టు అచ్చువెయ్యి" అని అర్థం చేసుకుంటుంది. ఆ మాట వినేశాక బ్యాక్‌స్లాష్‌ని పారేస్తుంది. మీరు మాత్రికలో వరుస మార్చడానికి `\\` కొట్టారు. మార్క్‌డౌన్ అందులో ఒకటి మింగి ఒకటి కిందికి పంపింది. కేటెక్‌కి అందింది ఇది:

`1 & 2 \ 3 & 4`

లాటెక్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొత్త వరుస. ఒక బ్యాక్‌స్లాష్, పక్కన ఖాళీ ఉంటే ఉత్త స్పేస్. అంటే 1 ఒక గడి, '2 స్పేస్ 3' ఒక గడి, 4 ఒక గడి. మీకు కనిపించింది అచ్చంగా అదే. కేటెక్ పాపం తనకి ఇచ్చింది తను నిజాయితీగా కట్టింది.

కామా కథ కూడా ఇదే. డీఎక్స్ ముందు సన్నటి ఖాళీ కోసం `\,` కొట్టి ఉంటారు. బ్యాక్‌స్లాష్ పోయి కామా మిగిలింది. ఖాళీ తగ్గించడానికి `\!` వాడినచోట ఆశ్చర్యార్థకం మిగిలి ఫ్యాక్టోరియల్ అయింది. సమితుల పాఠం ఉంటే అదీ ఒకసారి చూసుకోండి. `\{` లోంచి బ్యాక్‌స్లాష్ పోతే మీసాల బ్రాకెట్ లాటెక్‌కి గ్రూపు గుర్తుగా మారి పేజీలో కనిపించకుండా పోతుంది. ఇలాంటివి మరీ ప్రమాదం. మాత్రిక విరిగితే కంటికి ఆనుతుంది, సమితికి బ్రాకెట్లు లేకపోతే నెలల తరబడి ఎవరూ గమనించరు.

ఎక్స్ బార్ ఎందుకు పోయింది, మామూలు ఎక్స్ ఎందుకు మిగిలింది? లాటెక్‌లో సబ్‌స్క్రిప్ట్‌ని అండర్‌స్కోర్‌తో రాస్తాం, కానీ మార్క్‌డౌన్‌లో అండర్‌స్కోర్‌ల జత మధ్య ఉన్నది వాలు అక్షరాలవుతుంది. అయితే అండర్‌స్కోర్‌కి రెండు వైపులా అక్షరమో అంకెయో ఉంటే అది మాట మధ్యలో ఉందనుకుని వదిలేస్తుంది. ఎక్స్ వన్‌లో అలాగే ఉంది, బతికిపోయింది. ఎక్స్ బార్ వన్‌లో అండర్‌స్కోర్‌కి ముందు మూసిన బ్రాకెట్, తర్వాత తెరిచిన బ్రాకెట్ ఉంటాయి. అలాంటివి రెండు కనిపిస్తే జత కట్టేస్తుంది. ఫార్ములా నడుమ ఒక ట్యాగ్ వచ్చి పడుతుంది, పాఠం రెండు ముక్కలవుతుంది. బ్రౌజర్‌లో నడిచే స్క్రిప్ట్‌కి మొదటి డాలర్ ఒక ముక్కలో, రెండోది ఇంకో ముక్కలో కనిపించి, ఇది ఫార్ములా కాదనుకుని వదిలేస్తుంది.

లాటెక్‌కి మూలమైన టెక్ 1978 నుంచి ఉంది, మార్క్‌డౌన్ 2004లో వచ్చింది. కొత్తగా వచ్చినవాడు పాత కాపు పొలంలో గట్టు వేసినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. కానీ గట్టు తీయించలేం, కాబట్టి దారి మార్చాలి.

ప్రతిచోటా బ్యాక్‌స్లాష్ రెట్టింపు చేస్తూ కూర్చోకండి. కొందరు అదే సలహా ఇస్తారు. అలా చేస్తే మాత్రికకి నాలుగు బ్యాక్‌స్లాష్‌లు అవుతాయి, రేపు టూల్ మారితే మళ్ళీ అన్నీ విప్పాలి. ఫార్ములాని ముందే గుర్తుపట్టి దాని జోలికి పోకుండా పక్కన పెట్టే మార్క్‌డౌన్ టూల్ కావాలి. రీమార్క్-మ్యాథ్, దానికి జతగా రీహైప్-కేటెక్ ఉన్నాయి. మీ జనరేటర్ వేరే రకమైతే పాండాక్ అనే కన్వర్టర్ చూడండి. పాండాక్‌లో నాకు నచ్చిన నియమం ఒకటుంది: తెరిచే డాలర్‌కి వెంటనే కుడివైపు ఖాళీ ఉండకూడదు, మూసే డాలర్‌కి ఎడమవైపు ఖాళీ ఉండకూడదు, మూసేదాని పక్కన అంకె ఉండకూడదు. దాంతో ఒకే వాక్యంలో రెండుచోట్ల డాలర్లలో ధర రాసినా అది ఫార్ములా అనుకోదు.

ఈ టూల్స్ వాడితే ఇంకో లాభం. ఫార్ములా మీ కంప్యూటర్లోనే, సైట్ తయారయ్యేటప్పుడే హెచ్‌టీఎంఎల్ అయిపోతుంది. చదివేవాళ్ళ ఫోన్‌లో స్క్రిప్ట్ నడవక్కర్లేదు. పేజీ తెరవగానే పచ్చి లాటెక్ ఒక క్షణం కనిపించి, తర్వాత అంతా కిందికి జరిగిపోవడం ఉండదు. అప్పుడు తప్పు ఫార్ములా వస్తే ఎర్ర అక్షరాలతో సర్దుకుపోమని చెప్పకండి, బిల్డే (సైట్ తయారీయే) ఆగిపోయేలా సెట్టింగ్ పెట్టండి. మొదటి రోజు తిట్టుకుంటారు, పర్వాలేదు.

రెండేసి సార్లు రావడం వేరే జబ్బు. కేటెక్ ప్రతి ఫార్ములాని రెండు రూపాల్లో ఇస్తుంది. ఒకటి కంటికి కనిపించే హెచ్‌టీఎంఎల్. రెండోది స్క్రీన్ రీడర్ల (పేజీని చదివి వినిపించే ప్రోగ్రాముల) కోసం మ్యాథ్‌ఎంఎల్, అంటే ఫార్ములా నిర్మాణాన్ని ట్యాగులతో చెప్పే భాష, దాన్ని సీఎస్ఎస్ దాచిపెడుతుంది. మీ పాత పాఠాల పేజీలకి కేటెక్ సీఎస్ఎస్ ఫైల్ అందడం లేదు. అందనప్పుడు దాచేవాళ్ళు లేక రెండూ బయటపడతాయి. మీకు పద్ధతిగా కనిపించిన ప్రతి బహుశా మ్యాథ్‌ఎంఎల్ అయి ఉంటుంది, చిందరవందరగా ఉన్నది సీఎస్ఎస్ లేని హెచ్‌టీఎంఎల్. సబ్‌ఫోల్డర్ అన్నారు కదా, సీఎస్ఎస్ లింకు సాపేక్ష మార్గంలో (పేజీ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కపెట్టేది) ఇచ్చి ఉంటారు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి, ఆ ఫైల్ పక్కన 404 (ఫైల్ దొరకలేదు) కనిపిస్తుంది. లింకుని సైట్ మూలం నుంచి ఇవ్వండి. సీఎస్ఎస్ వెర్షన్, కేటెక్ వెర్షన్ ఒకటే ఉండాలి సుమా.

తెలుగు మాట విరగడం: ఫార్ములాలో నేరుగా రాసిన ప్రతి అక్షరాన్నీ లాటెక్ ఒక చలరాశి అనుకుంటుంది. 'ద్రవ్యరాశి' దానికి ద, పొల్లు, ర, వ, పొల్లు, య ఇలా వరుసగా గుణించుకుంటున్న రాశులు! మాటని టెక్స్ట్ కమాండ్ లోపల పెట్టండి, అక్షరాలు కలుస్తాయి.

బాబూ, ఎస్వీజీ గురించి: మసకబారదు, నిజమే. కానీ లైన్‌లో కూర్చోవాలంటే ఒక్కో బొమ్మకీ అది గీతకి ఎంత కిందికి దిగాలో లెక్క ఇవ్వాలి. భిన్నం ఒక ఎత్తు, సబ్‌స్క్రిప్ట్ ఒక లోతు. చేత్తో ఎగుమతి చేస్తే ఆ లెక్క పోతుంది, వాక్యం మధ్యలో ఫార్ములా మెట్టు దిగినట్టు కనిపిస్తుంది.

త్రిపుల్_ఇంటిగ్రల్

పాతగ్యాలీ గారితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ మ్యాథ్‌జాక్స్ పక్షాన ఒక్క మాట. సమీకరణాలకి నంబర్లు ఇచ్చి, కింద ఎక్కడో "సమీకరణం 7 ప్రకారం" అని లింకు ఇవ్వాలంటే మ్యాథ్‌జాక్స్‌లో లేబుల్, రిఫరెన్స్ రెండూ ఉన్నాయి. కేటెక్‌లో నంబరు దానంతటదే వచ్చే పద్ధతి ఉన్నా లేబుల్, రిఫరెన్స్ లేవు. మధ్యలో ఒక సమీకరణం చేర్చితే వాక్యాల్లో రాసిన నంబర్లన్నీ చేత్తో మార్చుకోవాలి. పొడవైన సమీకరణాన్ని ఫోన్ వెడల్పుకి తగ్గట్టు దానంతటదే విరవడం కూడా మ్యాథ్‌జాక్స్ 4లో తిరిగి వచ్చింది, 3లో లేదు.

ఒక హెచ్చరిక. ఎక్కడో పాత పోస్టులోంచి మ్యాథ్‌జాక్స్ స్క్రిప్ట్ లైన్లు కాపీ చేసుకుంటే అందులో పాత బ్రౌజర్ల లోపాలు పూడ్చడానికి పాలీఫిల్ అనే ఇంకో సైట్ నుంచి స్క్రిప్ట్ తెచ్చే లైన్ ఉండొచ్చు. ఒకప్పుడు అందరూ పెట్టేవాళ్ళు, నేనూ పెట్టా. ఆ డొమైన్ 2024లో చేతులు మారింది, అదే ఏడాది జూన్‌లో దాన్నుంచి చెడ్డ కోడ్ వస్తోందని బయటపడింది. ఆ లైన్ తీసేయండి, ఇప్పటి బ్రౌజర్లకి దాని అవసరమే లేదు. అలాగే మ్యాథ్‌జాక్స్ సొంత సీడీఎన్‌ని (దాని ఫైళ్ళు అందరికీ అందించే సర్వర్లు) 2017 ఏప్రిల్‌లోనే మూసేశారు, ఆ చిరునామా ఇంకా వాడుతున్న పేజీలు నాకు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. వీలైతే ఫైళ్ళన్నీ మీ సైట్లోనే పెట్టుకోండి.

చెవులే_కళ్ళు

నేను చూడలేను, స్క్రీన్ రీడర్‌తో చదువుతాను. ఎస్వీజీ పెడితే ఎవరూ కంప్లైంట్ చేయలేదన్న సెమికోలన్‌బాబు గారికి: నాలాంటివాళ్ళు కంప్లైంట్ చేయరు, ట్యాబ్ మూసేసి వెళ్ళిపోతారు.

లెక్కల పేజీ నాకు ఎలా వినిపిస్తుందో చెప్తాను. "కాబట్టి, ఇమేజ్ 47, అవుతుంది. ఇందులో ఇమేజ్ 48 ప్రతిక్షేపించగా ఇమేజ్ 49." ఇంతే. ఆల్ట్ టెక్స్ట్ రాసినవాళ్ళు కొందరుంటారు, దేవుడు వాళ్ళని చల్లగా చూడాలి. కానీ మాటల్లో రాసిన ఫార్ములాకి ఇంకో చిక్కుంది. "వన్ బై ఎక్స్ ప్లస్ వన్" అని వింటే ఏమనుకోవాలి? ఒకటిని ఎక్స్‌తో భాగించి ఒకటి కలపడమా, ఎక్స్ ప్లస్ వన్ మొత్తంతో భాగించడమా? ఎక్స్ 2 అనుకోండి, మొదటిది ఒకటిన్నర, రెండోది మూడో వంతు.

మ్యాథ్‌ఎంఎల్ ఉంటే నేను ఎన్వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో, ఫార్ములాలు చదివే మ్యాథ్‌క్యాట్‌తో ఫార్ములా లోపలికి దిగుతాను. బాణం కీ నొక్కితే లవం, ఇంకోటి నొక్కితే హారం, మళ్ళీ లోపలికి దిగితే హారంలో మొదటి పదం. చూపున్నవాళ్ళు కన్ను ఎలా తిప్పుతారో నేను వేలు అలా తిప్పుతాను. కాబట్టి కేటెక్‌లో ఆ దాచిన ప్రతిని "ఫైల్ సైజు తగ్గుతుంది" అని ఎవరైనా తీసేయమంటే వినకండి.

చిన్న విషయం ఇంకోటి. మామూలు వాక్యంలో 5 - 3 అని హైఫన్‌తో రాస్తారు చాలామంది. నా సెట్టింగ్‌లో హైఫన్ పలకదు, "ఐదు మూడు" అని వినిపిస్తుంది. అసలు మైనస్ గుర్తు యూనికోడ్‌లో వేరే ఉంది, 2212 నంబరుది. ఫార్ములా లోపలైతే టూల్ దాన్నే వేస్తుంది, బయట వాక్యంలో మీరే వేయాలి.

లెక్కలక్క

నాలుగు రోజులు పట్టింది. పాతగ్యాలీ గారూ, 404 మీరు చెప్పినచోటే ఉంది. టెంప్లేట్‌లో ఒక్క స్లాష్ తక్కువ, దాని కోసం రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

రీమార్క్-మ్యాథ్‌కి మారాను. మాత్రిక నిలబడింది, కామాలు పోయాయి. తప్పుంటే బిల్డ్ ఆగాలని పెట్టాను. మొదటిసారి ఆగింది, సరిచేశాను, మళ్ళీ ఆగింది. మొత్తం 17 ఫార్ములాలు. వాటిలో మూడు మూసే బ్రాకెట్ లేనివి, ఒకటి నేనే కనిపెట్టిన కమాండ్. సమితుల పాఠం కూడా చూశాను. మీరన్నట్టే బ్రాకెట్లు ఒక్కటీ లేవు. రెండు వారాలుగా పిల్లలు దాన్నే చదువుతున్నారు, ఒక్కరూ అడగలేదు.

సమీకరణాల నంబర్లు నాకు పెద్దగా అక్కర్లేదు, త్రిపుల్ గారూ, నావి చిన్న పాఠాలు. ఫోన్‌లో పొడవైన సమీకరణాలు పక్కకి జరుపుకునేలా పెట్టాను. కాకపోతే అడ్డంగా జరిగే స్క్రోల్ ఇవ్వగానే నిలువు స్క్రోల్ బార్ కూడా సన్నగా వచ్చి కూర్చుంది.

ఇక ద్రవ్యరాశి. టెక్స్ట్ కమాండ్‌లో పెట్టగానే అక్షరాలు కలిశాయి, సంతోషం. కానీ ద కింద ర ఒత్తు, వ కింద య ఒత్తు వెళ్ళి భిన్నం గీత మీద కూర్చున్నాయి. గీత ఒత్తుల్ని కోసేస్తున్నట్టుంది. ఇంగ్లీషు మాట పెడితే ఈ గొడవ లేదు. దీనికేమైనా ఉందా?

పాతగ్యాలీ

ఆ స్క్రోల్ బార్‌కి పైనా కిందా కాస్త ప్యాడింగ్ ఇవ్వండి, పోతుంది.

ఒత్తుల సంగతి నాకు ఇష్టమైన విషయం, కాస్త సాగదీస్తాను.

కేటెక్ వేగంగా ఉండటానికి కారణం అది పేజీలో ఏదీ కొలవదు. తన ఫాంట్‌లో ప్రతి అక్షరం ఎంత ఎత్తు, ఎంత లోతు అన్నది ముందే పట్టికగా రాసి పెట్టుకుంది. భిన్నం గీత ఎక్కడ గీయాలో ఆ పట్టిక చూసి లెక్క కడుతుంది. అందుకే బ్రౌజర్ లేకుండా మీ బిల్డ్‌లో కూడా నడుస్తుంది. కానీ ఆ పట్టికలో తెలుగు అక్షరాలు లేవు. లేనప్పుడు అది ఏం చేస్తుందంటే, ఇంగ్లీషు పెద్దక్షరం 'ఎం' ఎంత ఉంటుందో ఇదీ అంతే అనుకుంటుంది. 'ఎం' వరుస అడుగు గీత మీద నిలబడి ఉంటుంది, కిందికి ఒక్క వెంట్రుక కూడా దిగదు. మన 'ద్ర' ఎంత దిగుతుందో మీకు తెలుసు. దిగేది ఏమీ లేదనుకుని కేటెక్ భిన్నం గీత గీస్తుంది, ఒత్తు వచ్చి దాని మీద పడుతుంది. పైకి కూడా ఇదే లెక్క. హారంలో గుడి ఉన్న మాట పెట్టి చూడండి, గుడి వెళ్ళి గీతకి తగులుతుంది.

నిలబెట్టడానికి మోటు పద్ధతి ఒకటుంది. లవంలో మాట పక్కన సున్నా వెడల్పు ఉన్న రూల్ (నిలువు గీత) ఒకటి పెట్టండి, వరుస అడుగు గీత కింద అర ఎం (ఫాంట్ సైజులో సగం) దాకా దిగేలా. కంటికి కనిపించదు, కేటెక్ మాత్రం అక్కడేదో ఉందనుకుని గీతని కిందికి జరుపుతుంది. సీసం అక్షరాల కాలంలో వరుసల మధ్య సన్నటి సీసపు పట్టీలు దూర్చేవాళ్ళట, ఇదీ ఆ జాతిదే. ఒక మ్యాక్రో (సొంత కమాండ్) రాసుకుంటే 'తెలుగు మాట' అన్నప్పుడల్లా ఆ రూల్ దానంతటదే వస్తుంది.

తెలుగు మాటలున్న ఫార్ములాలు ఎక్కువైతే మాత్రం నేను మ్యాథ్‌ఎంఎల్‌నే నేరుగా చూపిస్తాను. అందులో భిన్నం గీత గీసేది బ్రౌజర్. అది పేజీలో మీరు పెట్టిన తెలుగు ఫాంట్‌నే తీసుకుని, ఒత్తు నిజంగా ఎంత దిగిందో కొలిచి, దాని కిందే గీత గీస్తుంది. మన లిపికి ఇంతకంటే ఏం కావాలి?

మ్యాథ్‌ఎంఎల్ కొత్తదేమీ కాదు. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ 1998లోనే ప్రమాణంగా ఇచ్చింది. ఫైర్‌ఫాక్స్, సఫారీ ఎప్పటినుంచో చూపిస్తున్నాయి. క్రోమ్ మాత్రం 2013లో ఒక వెర్షన్‌లో పెట్టి, ఆ తర్వాతి వెర్షన్‌లోనే తీసేసింది. మళ్ళీ 2023 జనవరిలో 109వ వెర్షన్‌తో వచ్చింది, ఇగాలియా అనే సంస్థ ఇంజనీర్లు చేసిన పని అది. ఆ పదేళ్ళూ మేం "రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది" అనుకుంటూ జావాస్క్రిప్ట్‌తో బండి లాగించాం.

లాటెక్ చేత్తో మ్యాథ్‌ఎంఎల్‌గా రాయక్కర్లేదు. కేటెక్‌లోనే మ్యాథ్‌ఎంఎల్ ఒక్కటే ఇచ్చే సెట్టింగ్ ఉంది. అందుకోసమే పుట్టిన టెమ్‌ల్ అనే టూల్ కూడా ఉంది. ఒక్క జాగ్రత్త: బ్రాకెట్లు, వర్గమూలం గుర్తు సరిగ్గా సాగాలంటే ఫాంట్‌లో మ్యాథ్ పట్టిక ఉండాలి. చదివేవాళ్ళ ఫోన్‌లో అలాంటి ఫాంట్ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకుండా లాటిన్ మోడర్న్ మ్యాథో, స్టిక్స్ టూ మ్యాథో వెబ్‌ఫాంట్‌గా మీరే ఇవ్వండి. అందంలో కేటెక్ ఇంకా ఒక మెట్టు పైనే ఉంటుంది, ఖాళీల విషయంలో ముఖ్యంగా. నా కంటికి తెలుస్తుంది, మీ పిల్లలకి తెలుస్తుందనుకోను.

మీ సైట్‌కి ఫీడ్ (కొత్త పోస్టులు వేరే యాప్‌లో చదువుకునే ఏర్పాటు) ఉంటే అందులో కూడా మ్యాథ్‌ఎంఎల్ ఒక్కటే పంపండి. ఫీడ్ రీడర్‌కి మీ సీఎస్ఎస్ వెళ్ళదు, కేటెక్ మామూలు అవుట్‌పుట్ పంపితే అక్కడ మళ్ళీ రెండేసి కనిపిస్తాయి.

సెమికోలన్‌బాబు

చెవులే_కళ్ళు గారూ, సారీ అండి. ఆ కోణం నాకు తట్టనేలేదు. మా ప్రాజెక్టులో ఎస్వీజీలు తీసేసి మార్చుతున్నా.

అక్కా, ఒకటి నేనూ పట్టుకున్నా. నా పేజీలో అసమీకరణం సగం మాయమైంది. లెస్‌దాన్ గుర్తు పక్కన ఖాళీ లేకుండా అక్షరం రాస్తే బ్రౌజర్ దాన్ని ట్యాగ్ మొదలైందనుకుంటోంది, మళ్ళీ గ్రేటర్‌దాన్ వచ్చేదాకా అంతా మింగేస్తోంది. ఖాళీ వదిలితే సరిపోయింది. లాటెక్‌లో 'ఎల్‌టీ' అనే కమాండ్ కూడా ఉంది దీనికి.

లెక్కలక్క

ఫిజిక్స్ పాఠాలన్నీ మ్యాథ్‌ఎంఎల్‌కి మార్చాను, లెక్కల పాఠాలు కేటెక్‌లోనే ఉంచాను. ద్రవ్యరాశి కింద గీత ఇప్పుడు ఒత్తులకి చోటిచ్చి, తగ్గి నిలబడింది. ఒక్క భిన్నాన్ని ఇంతసేపు చూస్తూ కూర్చోవడం నా జీవితంలో ఇదే మొదలు.

బాబూ, నీ లెస్‌దాన్ దెబ్బ నా దగ్గర రెండుచోట్ల ఉంది. థాంక్స్.

చెవులే_కళ్ళు గారూ, వీలైతే ఒకటి రెండు పేజీలు విని చెప్తారా? వర్గ సమీకరణం పాఠం లింకు మీకు మెసేజ్‌లో పంపాను.

చెవులే_కళ్ళు

విన్నానండి, మొత్తం. భిన్నాల్లోకి, వర్గమూలం లోపలికి హాయిగా దిగగలిగాను. కానీ అభ్యాసంలో నాలుగో లెక్క సాధన దగ్గర సూత్రం మళ్ళీ రాశారు చూడండి. అక్కడ లవం నేరుగా 'బి ప్లస్ ఆర్ మైనస్'తో మొదలవుతోంది. బి ముందు మైనస్ వినిపించలేదు. మూడుసార్లు వెనక్కి వెళ్ళి విన్నాను.

లెక్కలక్క

పన్నెండోది! బొమ్మ నుంచి చూసి టైపు చేసినప్పుడు తప్పుని కూడా జాగ్రత్తగా దించుకున్నాను. సరిచేశాను, ఇప్పుడు వినండి.